స్క్లెరల్ లెన్స్ కింది నీళ్లు: ఐదేళ్ల వాడకం తర్వాత

కెరటోకోనస్ (కంటి ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, పలచబడి మొనదేలే జబ్బు) ఉన్నవాళ్లకు స్క్లెరల్ లెన్స్ అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ పెద్ద కాంటాక్ట్ లెన్సును ఐదేళ్లుగా రెండు కళ్లకూ వాడుతున్నాను. నేను రాస్తున్నది దాని కింద నిలిచే ఆ కాస్త సెలైన్ (శుభ్రమైన ఉప్పునీళ్లు) గురించి. నాకు చూపు తెచ్చిపెట్టింది అదే, ఒక దశలో నిద్ర పట్టకుండా చేసిందీ అదే.

అంతకుముందు చిన్న గట్టి లెన్సులు వాడేవాణ్ని. అవి కార్నియా మీదే కూర్చుంటాయి. మొనదేలిన కార్నియా మీద రోజంతా రాపిడి, సాయంత్రానికి కళ్లు చింతనిప్పుల్లా అయ్యేవి. స్క్లెరల్ లెన్స్ కంటి తెల్లగుడ్డు మీద ఆనుతుంది, కార్నియాను తాకదు. మధ్య ఖాళీలో సెలైన్ ఉంటుంది. కార్నియా ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ నీళ్లు పూడ్చేస్తాయి. మొదటిసారి పెట్టుకుని క్లినిక్ బయటికొస్తే ట్రాఫిక్ లైటు చెదరకుండా ఒక్కటిగా కనిపించింది. అంతవరకు నాకు ప్రతి దీపానికీ తోకలే. ఎరుపు, పచ్చ రెండుసార్లు మారేదాకా అక్కడే నిలబడి చూశాను.

పెట్టుకోవడం చేతకావడానికి రెండు వారాలు పట్టింది. ముఖం పూర్తిగా కిందికి వంచాలి. ప్లంజర్ అనే చిన్న రబ్బరు పిడి మీద లెన్స్‌ను నిలబెట్టి, ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌ను చిన్న గిన్నెలో పోసినట్టు అంచుదాకా నింపి, కిందినుంచి కంటికి ఆనించాలి. చల్లగా తగిలి రెండు చుక్కలు పొర్లాయంటే దాదాపు కుదిరినట్టే. గాలి బుడగ ఇరుక్కుంటే తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

పొద్దున పెట్టుకుంటే రాత్రిదాకా మరిచిపోవచ్చని అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు సవరించుకుంటున్నాను.

మూడో ఏడాది మధ్యాహ్నాలు మసక మొదలైంది. పొద్దున అద్దంలా ఉన్న చూపు రెండు దాటేసరికి పాలు కలిపిన నీళ్లలోంచి చూస్తున్నట్టు అయ్యేది. చుక్కలు వేశాను, లెన్స్ పైభాగం తుడిచాను, పోలేదు. జబ్బు మళ్లీ ముదురుతోందని భయం పట్టుకుంది. రైబోఫ్లావిన్ చుక్కలు, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స ఎప్పుడో అయింది, ఇక ఆగిందనే ధైర్యంతో ఉన్నాను. ఆ ధైర్యం పోయి, ఆలోచన కార్నియా మార్పిడి దాకా వెళ్లింది. ఒక మధ్యాహ్నం లెన్స్ తీసి అరచేతిలో ఒంపి చూస్తే లోపలి నీళ్లు తెల్లగా ఉన్నాయి, సన్నటి పోగులు తేలుతున్నాయి. కొత్త సెలైన్ పోసి పెట్టుకోగానే చూపు మామూలైంది. కార్నియా చెడితే నీళ్లు మార్చినంత మాత్రాన బాగుపడదు కదా! ఆ రాత్రి కాస్త కునుకు పట్టింది.

డాక్టరుగారు టోపోగ్రఫీ (కార్నియా వంపుల మ్యాపు) తీయించి పాత మ్యాపుతో పోల్చారు. మార్పు లేదు. తర్వాత లెన్స్ కంట్లో ఉండగానే ఓసీటీ తీశారు. కంటిని తాకకుండా, కాంతితోనే పొరలన్నీ అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్ అది. తెర మీద పైన లెన్స్ వంపు, కింద కార్నియా వంపు, మధ్యలో నల్లటి సందు. నన్ను అన్నాళ్లు భయపెట్టింది ఆ సందేనా అని కళ్లార్పకుండా చూశాను. దాదాపు 400 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ ఉంది. నా కంటికి అందులో సగం చాలన్నారు. పైగా తెల్లగుడ్డు అన్ని వైపులా ఒకే వంపుతో ఉండదట. ఒక పక్క లెన్స్ అంచు సరిగ్గా ఆనక, కన్నీళ్లలోని కొవ్వు, మలినాలు లోపలికి చేరుతున్నాయని చెప్పారు. సందు తగ్గించి, అంచుకు రెండు దిశల్లో వేర్వేరు వంపులు పెట్టి కొత్త లెన్స్ చేయించారు.

మసక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం ఒకసారి తీసి నీళ్లు మార్చుకుంటాను. సెలైన్ ట్యూబులు లేకుండా బయటికి వెళ్లను. అవి అయిపోతే లెన్స్ తీసేసి కూర్చుంటాను గానీ కుళాయి నీళ్లు మాత్రం పోయను. ఆ నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటికి సోకితే చూపే పోవచ్చు.

నాది కుర్చీలో కూర్చునే పని, చేతులు కడుక్కుని తీసి పెట్టుకునే వీలుంది. రోజంతా దుమ్ములో పనిచేసేవాళ్లకు, చేతులు వణికే పెద్దవాళ్లకు ఇంత సులువు కాదు. కార్నియా మధ్యలో దట్టమైన మచ్చ పడితే ఈ నీళ్లు దాన్ని పోగొట్టలేవు కూడా. నాకు అలాంటి మచ్చ లేదు కాబట్టి దీన్ని వదిలే ఆలోచన లేదు. ఎడమ లెన్స్ అంచు మాత్రం ఇంకా కొంచెం తేడాగానే ఉంది, వచ్చే నెల మళ్లీ ఓసీటీకి వెళ్తున్నాను.