పోలరైజరా, ఎన్‌డీనా: కోనసీమలో ముందు ఏది?

కెమెరా లెన్సు ముందు బిగించే ఈ రెండు ఫిల్టర్లలో డబ్బులు ఒక్కదానికే ఉంటే, మెరుపును తగ్గించే పోలరైజరే కొనండి. కాలవ గట్టున నిలబడి, నీటిని ఏటవాలుగా చూస్తూ దాని రింగు మెల్లగా తిప్పండి. పైనున్న తెల్లటి మెరుపు కరిగి గట్టు వార నాచు కనిపిస్తుంది. తడిసిన కొబ్బరాకుల జిగేలు తగ్గి అసలు పచ్చదనం బయటపడుతుంది. ఆ పని తర్వాత కంప్యూటర్లో సరిగా చేయలేం. ఒకటి, రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంతే.

ఎన్‌డీ (వెలుతురును తగ్గించే నల్లటి ఫిల్టర్) అవసరం ధవళేశ్వరం బ్యారేజీ గేట్ల దగ్గరో, అంతర్వేది అలల దగ్గరో. ఎన్‌డీ64 (వెలుతురును 64వ వంతుకు తగ్గించేది) పెడితే 1/60 సెకను షట్టర్ సమయం కాస్తా సుమారు 1 సెకను అవుతుంది, నీళ్లు పాలనురగలా సాగుతాయి. అంతసేపు కెమెరా కదలకుండా ఉండాలి కాబట్టి ట్రైపాడ్ ఖర్చూ కలుపుకోండి. చవకరకం వేరియబుల్ ఎన్‌డీ (తిప్పితే నలుపు పెరిగే, తగ్గే రకం) మాత్రం వద్దు: వైడ్ లెన్సుకు పెట్టి బాగా తిప్పితే ఫొటోలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది.

ఏది కొన్నా మీ పెద్ద లెన్సు సైజుకే తీసుకోండి; చిన్న లెన్సులకు ఆ పెద్ద ఫిల్టర్‌నే బిగించే స్టెప్-అప్ రింగులు చాలు.