షాపు లొకేషన్ సర్వే సర్వీసు: 5కు 3 స్టార్లు

హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో కర్రీ పాయింట్ పెడదామని ఒక షాపు చూశాం. అడ్వాన్సు కట్టేముందు, అక్కడ బేరం నడుస్తుందో లేదో చూసి చెప్పే ఒక లొకేషన్ సర్వే సంస్థకు పని అప్పగించాం. పేరు రాయను. ఫీజు 15 వేలు.

రిపోర్టు లావుగా, రంగురంగుల బొమ్మలతో వచ్చింది. సగం నెట్‌లో దొరికే సరుకే. పోటీ కింద చూపించినవన్నీ గూగుల్ మ్యాప్‌లో ఉన్న హోటళ్లు. సాయంత్రం ఆ షాపు పక్క సందు మొదట్లో స్కూటీ మీద డబ్బాలు పెట్టుకుని పప్పు, వేపుడు, సాంబారు అమ్మే ఆవిడ ఊసే లేదు. మాకు అసలు పోటీ ఆవిడే! హాస్టళ్లు ఎక్కువ కాబట్టి గిరాకీ ఎక్కువని రాశారు. హాస్టల్ వాళ్లకు తిండి ఫీజులోనే వచ్చేస్తుంది కదా. కర్రీ పాయింటుకు వచ్చేది ఇంట్లో కుక్కర్ పెట్టుకుని కూర మాత్రం కొనుక్కునేవాళ్లు. మెట్రో స్టేషన్ దగ్గరని ఇంకో పేజీ. ఇక్కడ మెట్రో ఎక్కితే హైటెక్ సిటీకి అమీర్‌పేట దాకా పోయి మారాలి, చుట్టు తిరుగుడు. మా దగ్గర కూర కొనే ఐటీ వాళ్లు ఎక్కువగా బండి మీదే వస్తారు.

మెచ్చుకోవాల్సింది మనుషుల లెక్క. వాళ్ల కుర్రాడు ఒకడు చేతిలో లెక్కపెట్టే మిషన్ నొక్కుకుంటూ షాపు ముందు నిలబడ్డాడు. మొదట పొద్దున పదింటికి వచ్చాడు. "తమ్ముడూ, మా బేరం రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా" అంటే, "సరే అన్నా" అని విసుక్కోకుండా ఆ టైముకే మళ్లీ వచ్చాడు. నడిచేవాళ్లు, బండ్లు, ఆగి ఏదైనా కొన్నవాళ్లు, ఇలా విడివిడిగా రాశాడు. హైటెక్ సిటీ నుంచి ఇళ్లకు వచ్చే బండ్లన్నీ అవతలి పక్కనే పోతున్నాయని, దగ్గర్లో డివైడర్‌కు సందు లేదని ఆ కాగితంలోనే తేలింది. కూర పొట్లం కోసం యూటర్న్ కొట్టి ఎవరొస్తారు? ఓనరు మాత్రం "మెయిన్ రోడ్ ఫేసింగ్ సార్" అని ఒకటే పాట. ఆ షాపు వదిలేశాం.

కమర్షియల్ మీటరు ఉందా, గిన్నెలు కడిగిన నీళ్లు ఎటు పోతాయి, పొగ గొట్టం పెడితే పై అంతస్తు వాళ్లు ఊరుకుంటారా, ట్రేడ్ లైసెన్సు సంగతేంటి అని అడిగితే, "అవి మా స్కోప్‌లో లేవండీ" అన్నారు. వంట షాపుకు అవే ముందు చూడాలి.

మూడు స్టార్లలో రెండు ఆ కుర్రాడివే. లెక్క ఒక్కటే కావాలంటే 6 వేలకు చేస్తారట, మనం అడిగితేనే చెబుతారు.