మందుతో ఒక ఏడాది, మందుతో పాటు మిగతావాటితో ఐదేళ్లు

డిప్రెషన్ అని నిర్ధారణ అయిన తరువాత నేను సెర్ట్రలిన్ అనే మందు వాడడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. మొదటి ఏడాది మందు తప్ప మరేమీ లేదు. ఆ తరువాత సైకోథెరపీ (మాటలతో, అభ్యాసాలతో చేసే మానసిక చికిత్స), నడక, నిద్రవేళల క్రమం ఒక్కొక్కటిగా చికిత్సలో చేరాయి. ఈ రెండు దశల మధ్య నాకు కనిపించిన తేడా ఇప్పుడు ఇదే స్థితిలో ఉన్నవారికి పనికి వస్తుందని రాస్తున్నాను.

మందును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అది మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనం మీద కొన్ని గంటల్లోనే పని మొదలుపెట్టినా, మనసు తేరుకోవడానికి వారాలు పడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. మొదటి పది రోజులు వికారమూ తలనొప్పీ మాత్రమే దక్కాయి. ఐదో వారంలో ఒక ఉదయం ఎవరూ లేపకుండానే లేచి స్నానం చేశాను. ఏడుపు తగ్గింది, ఆకలి పుట్టింది. మెరుగుదల అంతటితో నిలిచిపోయింది. డిప్రెషన్ తీవ్రతను తొమ్మిది ప్రశ్నలతో 0 నుంచి 27 వరకు కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రంలో నా స్కోరు 19 నుంచి 11కు దిగి, నెలల తరబడి కదలలేదు. అమెరికాలో జరిగిన స్టార్-డి అనే పెద్ద పరిశోధన 2006లో వెల్లడించిన ప్రకారం, మొదటి మందుతోనే లక్షణాలు దాదాపుగా తొలగిపోయినవారు మూడింట ఒక వంతు మందే. ఆ సంగతి చదివాక, లోపం నాలో ఉందన్న బాధ కొంత తీరింది.

తరువాత చేరినవాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది బిహేవియరల్ యాక్టివేషన్, అంటే మనసు కుదిరే వరకు ఆగకుండా పనులను ముందే వేళ పెట్టుకుని చేయించే సైకోథెరపీ పద్ధతి. కుంగిన మనిషి పనులకూ మనుషులకూ దూరమవుతాడని, అలా దూరమైన కొద్దీ సంతోషం కలిగే సందర్భాలే లేకుండా పోయి కుంగుబాటు మరింత ముదురుతుందని సైకాలజిస్టు పీటర్ లెవిన్‌సన్ 1970లలో వివరించిన సూత్రం దీనికి ఆధారం. గంటగంటకూ ఏం చేశానో రాసి, అందులో కలిగిన ఆనందానికి ఒకటి, చేయగలిగానన్న తృప్తికి ఒకటి చొప్పున, పదికి ఎంతో రెండు వేర్వేరు మార్కులు వేయమని నా సైకాలజిస్టు చెప్పారు. రెండు వారాల కాగితాలు ఎదురుగా పెట్టుకుని చూస్తే, విశ్రాంతి అనుకుని ఫోను పట్టుకుని పడుకున్న సాయంత్రాలన్నిటికీ ఒకటో రెండో మార్కులున్నాయి; విసుక్కుంటూనే గిన్నెలు తోమిన అరగంటకు తృప్తి కింద ఆరు ఉంది. ఆ ఆరును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మనసు బాగుపడ్డాక చేద్దామని వాయిదా వేసిన పనులను ఆ వారం నుంచి చిన్న ముక్కలు చేసి, ఫలానా వేళకని రాసిపెట్టుకుని చేయడం మొదలుపెట్టాను. పది నిమిషాల నడక, ఒక ఉత్తరానికి జవాబు, ఒక స్నేహితుడికి ఫోను. నాలుగు నెలలకు స్కోరు 6కు వచ్చింది.

నిద్ర విషయంలో రెండు నియమాలు చాలాయి: ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవడం, నిద్ర పట్టనప్పుడు పక్క మీద ఉండకపోవడం. మొదటి రెండు వారాలు చాలా కష్టంగా గడిచాయి. నడక గురించి చెప్పాలంటే, 50 ఏళ్లు దాటిన 156 మందితో డ్యూక్ విశ్వవిద్యాలయం 1999లో ప్రచురించిన అధ్యయనంలో 16 వారాల వ్యాయామం సెర్ట్రలిన్‌తో దాదాపు సమానమైన ఫలితమిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలను నేను చాలా వారాలు అందుకోలేదు. వంద నిమిషాలకే నాకు తేడా తెలిసింది.

ధ్యానం మాత్రం మొదట్లో నాకు హాని చేసింది. బాగా కుంగి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటే పాత తప్పులన్నీ వరుసకట్టి వచ్చేవి. ధ్యానాన్ని వాడే మైండ్‌ఫుల్‌నెస్ ఆధారిత థెరపీని కోలుకున్నవారిలో డిప్రెషన్ తిరగబెట్టకుండా ఉండేందుకు రూపొందించారని తరువాత తెలిసింది. నాలుగో ఏడాదిలో మళ్లీ ప్రయత్నించినప్పుడు బాగానే కుదిరింది.

నేను చేసిన పెద్ద పొరపాటు కూడా చెప్పాలి. మూడో ఏడాదిలో, ఇన్ని సాధనాలున్నాయి కదా అనుకుని, డాక్టరుతో చెప్పకుండా ఒక్కరోజులో మాత్రలు మానేశాను. మూడో రోజుకు తల తిప్పితే చాలు, కరెంటు షాక్ కొట్టినట్లయ్యేది. అది సర్దుకున్నా, రెండు నెలలకు కుంగుబాటు తిరగబెట్టింది. అప్పుడు ఆ గంటల పట్టిక నింపడానికి పెన్ను పట్టుకునే శక్తి కూడా నాకు లేదు. మళ్లీ మందు పనిచేసిన తరువాతే ఆ పట్టిక దగ్గరకు రాగలిగాను.

ఇప్పుడు డాక్టరు పర్యవేక్షణలో, నెలల వ్యవధితో మోతాదు తగ్గిస్తున్నాము. ప్రతి నెలా మొదటి ఆదివారం పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిది ప్రశ్నలకు జవాబులు రాస్తాను. చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక మరే అంకె పడినా అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలని ఇంట్లో ఒకరితో ఒప్పందం చేసుకుని, కాగితం మీద రాసి, ఇద్దరమూ సంతకాలు పెట్టాము. ఆ కాగితం మాత్రల డబ్బాలోనే ఉంటుంది.