ఆ గేమ్ ఖాతా కొనకండి: బెంగళూరులోని తెలుగు ఆటగాళ్ళకు హెచ్చరిక

నేను 32,000 రూపాయలు పెట్టి కొన్న గేమ్ ఖాతా మొన్న ఆదివారం రాత్రి మళ్ళీ అమ్మకానికి వచ్చింది. అదే పాత్ర, అదే నల్లటి కవచం, అదే రెక్కల గుర్రం. ఈసారి ధర 26,000. అమ్ముతున్నది నాకు అమ్మిన మనిషే. బెంగళూరులో మన తెలుగువాళ్ళు ఉండే గేమింగ్ గ్రూపుల్లోనే ఆ ప్రకటన తిరుగుతోంది. మీ కంట పడితే దయచేసి ఒక్క రూపాయి కూడా పంపకండి. ఈ టపా కొంచెం పొడవుగా ఉంటుంది, అయినా చివరిదాకా చదవండి. మోసం జరిగే తీరు తెలియకపోతే, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామన్న ధైర్యంతోనే మీరు కూడా డబ్బు పోగొట్టుకుంటారు. నేను అలాగే పోగొట్టుకున్నాను.

ఆట పేరు, దాన్ని నడిపే కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇందులో వాళ్ళ తప్పు లేదు, పైగా ఇది ఏ ఆటలోనైనా జరగగలదు. అమ్మిన మనిషి పేరు, నంబరు కూడా ఇక్కడ పెట్టను. ఫిర్యాదు నడుస్తోంది. గుర్తుపట్టడానికి అతని పద్ధతి చెబుతాను, అది చాలు.

నాది కర్నూలు. ఐదేళ్ళుగా మారతహళ్ళిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మేము ఆరుగురం ఒకే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్ళం. ఉద్యోగాల్లో చేరాక నేను మానేశాను, వాళ్ళు మానలేదు. ఇప్పుడు వాళ్ళ గిల్డ్‌లో, అంటే ఆటలో కలిసి ఆడే జట్టులో, ముప్పై మందికి పైగా ఉన్నారు, సగం మంది తెలుగువాళ్ళే. సింగపూర్ సర్వర్‌లో ఆడతారు. అక్కడ పదిన్నర అయ్యేసరికి మనకు ఎనిమిది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికి చేరి, అన్నం తిని కూర్చోవడానికి సరిగ్గా సరిపోయే సమయం. యూరప్ సర్వర్లలో ఆడే మిత్రులకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలయ్యే రెయిడ్ (జట్టంతా కలిసి చేసే పెద్ద పోరాటం) మనకు చలికాలంలో పన్నెండున్నరకు మొదలవుతుంది, మర్నాడు ఆఫీసులో కళ్ళు మూతలు పడతాయి.

వాళ్ళు రమ్మని పిలిచారు. వెళ్ళాలని నాకూ ఉంది. కానీ వాళ్ళంతా చివరి లెవెల్‌లో, పెద్ద బాస్‌లతో, అంటే ఆటలోని అతి బలమైన శత్రువులతో, పోరాడుతున్నారు. నేను మొదటి నుంచి మొదలుపెడితే వాళ్ళను అందుకోవడానికి నెలలు పడుతుంది. నేను ఖాతా కొనడానికి కారణం ఇదొక్కటే. గొప్ప కోసం కాదు, పాత స్నేహితుల పక్కన త్వరగా నిలబడాలని. మీలో చాలామంది కారణం కూడా ఇదే అయి ఉంటుందని నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అతను గ్రూపులో స్వచ్ఛమైన తెలుగులో ప్రకటన పెట్టాడు. ఫోను చేస్తే మొదటి నిమిషంలోనే "తమ్ముడూ, మీది ఏ ఊరు?" అని అడిగాడు. కర్నూలు అనగానే వాళ్ళ అమ్మమ్మ వాళ్ళది నంద్యాల అన్నాడు. ముందుగా డబ్బు అడగలేదు. "నమ్మకం లేకుండా వ్యాపారం చేయకూడదు, వచ్చి చూసుకో" అన్నాడు. ఒక శనివారం సాయంత్రం చర్చ్ స్ట్రీట్‌లో కాఫీ తాగుతూ కలిశాం. లాప్‌టాప్ తెచ్చాడు, ఆట తెరిచి పాత్రను నా చేతికే ఇచ్చాడు. నేను పావుగంట ఆడి చూశాను. నా ఎదుటే ఈమెయిల్ మార్పించాడు, పాస్‌వర్డ్ నా చేతే పెట్టించాడు, రెండంచెల భద్రతకు నా ఫోను కలిపించాడు. ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. డబ్బు యూపీఐలో పంపేటప్పుడు మాత్రం, "సగం నాకు, సగం మా బావ నంబరుకు పంపు తమ్ముడూ, నాకు ఈ రోజు పరిమితి అయిపోయింది" అన్నాడు. ఇక్కడ ఆగి ఉండాల్సింది. అమ్మేవాడు ఒకడై, డబ్బు మరొకరి పేరున వెళ్తుంటే అది ఆగవలసిన చోటు. పంపేశాను.

పదిహేడు రోజులు ఆడాను. ఆ పదిహేడు రోజుల గురించి కూడా చెప్పాలి.

మొదటి రోజు గిల్డ్‌లో అందరూ సంతోషించారు. పాత ఖాతానే తిరిగి తెరిచానని చెప్పాను. కొన్నానని చెప్పలేదు. రెండో రోజు ఒక కుర్రవాడు "అన్నా, ఆ గుర్రం ఎక్కడ దొరికింది? నేను ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ గుర్రం ఏ గుహలో దొరుకుతుందో, ఏ బాస్ దగ్గర పడుతుందో నాకు తెలియదు. నా పాత్ర ఎన్నడో తిరిగిన దేశాలు నేను చూడనే లేదు. నా పెట్టెలో ఉన్న ఒక కత్తికి వెనక ఎవరి ఎన్ని రాత్రులు ఉన్నాయో తెలియదు. రెయిడ్‌లో ట్యాంక్‌గా, అంటే ముందు నిలబడి శత్రువు దెబ్బలు కాచుకునేవాడిగా, ఆడాలంటే ఎప్పుడు ఏ కవచ విద్య వాడాలో చేతికి అలవాటై ఉండాలి. ఆ అలవాటు ఖాతాతో పాటు రాలేదు. నా వల్ల రెండుసార్లు అందరూ చచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ పెట్టింది.

ఈ ఆటల్లో మనిషిని ఏళ్ళ తరబడి పట్టి ఉంచేది ఏమిటన్న ప్రశ్న కొత్తది కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి మడ్ అనే ఆట తయారు చేశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఆ బార్టిల్‌గారే 1996లో రాసిన వ్యాసంలో ఆటగాళ్ళను నాలుగు రకాలుగా చూశారు: లెవెళ్ళూ సంపదా సాధించేవాళ్ళు, లోకమంతా తిరిగి చూసేవాళ్ళు, నలుగురితో కలిసి ఉండడానికి వచ్చేవాళ్ళు, ఎదుటివాళ్ళ మీద పడి గెలిచేవాళ్ళు. నేను నిస్సందేహంగా మూడో రకం. డబ్బు పెట్టి తెచ్చుకున్నది మాత్రం మొదటి రకం మనిషి సామాను. నాకు కావలసింది ఆ సామానులో లేదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004లో వచ్చినప్పుడు నలభయ్యో లెవెల్ దాకా గుర్రం ఉండేది కాదు, చాలావరకు కాలినడకే. తరువాత ఏళ్ళలో అదంతా సులభం చేశారు. 2019లో మళ్ళీ ఆ పాత నడక ఆటనే క్లాసిక్ పేరుతో తెస్తే, మొదటి రోజుల్లో లోపలికి వెళ్ళడానికే జనం గంటలకొద్దీ వరుసలో వేచి ఉన్నారు. ఆ నడకలో పక్కన ఒకరు ఉంటారు, దారిలో ఆపదకు ఒకరికొకరు అడ్డం పడతారు, ఆ పేరు గుర్తుండిపోతుంది. డయాబ్లో 3లో 2012లో అసలు డబ్బుతో వస్తువులు కొనుక్కునే వేలంశాల పెట్టారు. రాక్షసులతో పోరాడి వస్తువు గెలుచుకోవడమే ఆ ఆటకు ప్రాణం. వేలంశాల దానికే అడ్డం వస్తోందని ఆ కంపెనీయే ఒప్పుకొని 2014 మార్చిలో మూసేసింది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. అయినా కొన్నాను.

పదిహేడో రోజు రాత్రి తొమ్మిది గంటలు. బాస్‌కు ఇంకా పావు వంతు ప్రాణం ఉంది. నా తెర ఒక్కసారిగా లాగిన్ పేజీకి వెళ్ళిపోయింది. పాస్‌వర్డ్ తప్పు అంటోంది. ఈమెయిల్ కొడితే అలాంటి ఖాతా లేదు అంటోంది. నెట్ సమస్య అనుకొని రూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఆ పది నిమిషాల్లో నా పాత్ర గిల్డ్ ఖజానా దగ్గర నిలబడి ఉంది. పాత స్నేహితుణ్ణి కదా అని మా గిల్డ్ పెద్ద, చెన్నైలో ఉండే ఒక అక్క, నాకు ఖజానా తాళం లాంటి హోదా ఇచ్చారు. అందులో ముప్పై మంది రెండేళ్ళుగా దాచుకున్న గోల్డు (ఆట లోపలి డబ్బు), మందులు, రాళ్ళు ఉన్నాయి. ఆమె గమనించి నా పాత్రను గిల్డ్ నుంచి తీసేసేలోపు సగానికి పైగా పోయాయి. అక్క ఫోను చేసి "ఏమైంది నాన్నా, ఎందుకు తీస్తున్నావు?" అని అడిగారు. అప్పుడు నిజం చెప్పాను. నా 32,000 కన్నా నన్ను ఎక్కువగా కుంగదీసింది ఆ ఫోనే.

ఇక అసలు కిటుకు. దయచేసి ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి.

ఖాతా ఎవరిదో కంపెనీ పాస్‌వర్డ్‌ను బట్టి తేల్చదు. మొదట ఏ ఈమెయిల్‌తో తెరిచారు, ఎప్పుడు తెరిచారు, మొదటి చెల్లింపు ఏ కార్డుతో జరిగింది, దాని రసీదు ఉందా, పేరు గుర్తింపు కార్డుతో సరిపోతుందా అని అడుగుతుంది. ఇవన్నీ మొదటి యజమాని దగ్గరే ఉంటాయి, జన్మంతా ఉంటాయి. మీరు ఈమెయిల్ మార్చినా, ఫోను కలిపినా, "నా ఖాతా ఎవరో దొంగిలించారు" అని అతను ఒక్క ఫిర్యాదు పెడితే చాలు. ఆధారాలు చూసి కంపెనీ తిరిగి అతని చేతికే ఇస్తుంది. కంపెనీ లెక్కలో దొంగ మీరే అవుతారు. ఎస్పీ రోడ్డులో పాత గ్రాఫిక్స్ కార్డు కొంటే అది మీ సంచిలో ఇంటికి వస్తుంది, అమ్మినవాడు రాత్రికి వచ్చి తీసుకుపోలేడు. ఆట ఖాతా అలాంటి వస్తువు కాదు.

మీరు వెళ్ళి మొర పెట్టుకున్నా ఫలితం ఉండదు. దాదాపు అన్ని ఆటల నియమాల్లోనూ ఖాతా అమ్మడం, కొనడం నిషేధం. నాకు కంపెనీ నుంచి వచ్చిన జవాబు రెండు వాక్యాలు, ఆ నియమమే. అందుకు వాళ్ళను తప్పుపట్టను. ఈ చీకటి వ్యాపారం ఆటలను ఎంత దెబ్బ తీసిందో చూశాం. రూన్‌స్కేప్‌లో దొంగ క్రెడిట్ కార్డులతో ఖాతాలు తెరిచి గోల్డు అమ్మేవాళ్ళ బెడద తట్టుకోలేక 2008 మొదట్లో ఆటగాళ్ళ మధ్య స్వేచ్ఛగా వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడాన్నే కట్టడి చేశారు. 2011 ఫిబ్రవరిలో గానీ అది తిరిగి రాలేదు. అమ్మేవాళ్ళు కొద్దిమంది, మూడేళ్ళు నష్టపోయింది అందరూ.

నాకు తెలిసినంతలో చెప్పుకోదగ్గ మినహాయింపు ఈవ్ ఆన్‌లైన్. అక్కడ పాత్రను ఆట లోపలి డబ్బుకు, కంపెనీ పెట్టిన పద్ధతిలోనే మరొకరికి మార్చవచ్చు. అక్కడ కూడా బయట రూపాయలకు కొనడం నిషేధమే.

త్వరగా స్నేహితులను అందుకోవాలనుకునేవాళ్ళు ముందు ఆ ఆట కంపెనీయే ఏం అమ్ముతోందో చూడండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో లెవెల్ పెంచే సదుపాయం కంపెనీ దగ్గరే దొరుకుతుంది. గోల్డు కావాలంటే, కంపెనీ దగ్గర డబ్బుకు కొని ఆటలో గోల్డుకు అమ్ముకునే టోకెన్ 2015 నుంచి ఉంది. గిల్డ్ వార్స్ 2 అయితే మీకు ఈ బాధే లేదు. 2012లో మొదలైనప్పటి నుంచి గరిష్ఠ లెవెల్ 80 దాటలేదు, ఏళ్ళ క్రితం మంచి కవచం సంపాదించుకున్నవాడు ఇప్పుడు వచ్చినా దానితోనే ఆడుకోవచ్చు. ఫైనల్ ఫాంటసీ 14లో 70వ లెవెల్ దాకా ఉచితంగా, గడువు లేకుండా ఆడవచ్చు. అన్నిటికన్నా ముందు మీ గిల్డ్ వాళ్ళను అడగండి. నేను అడగలేదు. నిజం చెప్పాక మా అక్క అన్న మాట: "మొదటి రోజే చెప్పి ఉంటే వారానికి రెండు రాత్రులు నీతో కలిసి కింద లెవెళ్ళు ఆడేవాళ్ళం కదా."

ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవాళ్ళు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. ఎంత త్వరగా చెబితే అవతలి బ్యాంకు ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నా విషయంలో పదిహేడు రోజులు గడిచిపోయాయి. అతను ఖాతాను వెంటనే లాక్కోకుండా అన్ని రోజులు ఆగింది అందుకేనని ఇప్పుడు అర్థమవుతోంది. సంభాషణలు, యూపీఐ రసీదులు, ప్రకటన చిత్రాలు ఏవీ చెరిపేయకండి. "డబ్బు తిరిగి ఇస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అని అతను నాకు మరుసటి వారం సందేశం పెట్టాడు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పిన్ కొడితే డబ్బు పోతుంది. ఆ ఉచ్చులో పడలేదు, మీరూ పడకండి. ఇదే మనిషి చేతిలో మోసపోయినవాళ్ళు ఇంకా ఉంటే నాకు సందేశం పంపండి, అందరి ఫిర్యాదులూ కలిపి ఇస్తే బలం ఉంటుంది.

ఆ ఖాతాను గుర్తుపట్టే ఆనవాలు ఒకటి చెప్పి ముగిస్తాను. ప్రకటన చిత్రంలో ఆ పాత్ర వీపున ఒక ఎర్రని వస్త్రం ఉంది, దాని మీద తెల్లకొంగ బొమ్మ. అది మా గిల్డ్ చిహ్నం. నేను చేరిన రోజు అక్క ఇచ్చారు, నేనే తొడిగాను. అతను దాన్ని తీయకుండానే అమ్మకానికి పెట్టాడు.