శాతం చూపే బార్‌తో నా పేచీ అంతా 100 దగ్గరే

గుండ్రంగా తిరిగే చక్రం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. అది మాటేమీ ఇవ్వదు, ఆగమంటుంది, అంతే. నా కోపమంతా శాతం చూపే బార్ మీద. ఆండ్రాయిడ్ యాప్‌ల తెరలు కట్టడానికి వాడే మెటీరియల్ లైబ్రరీలోని లీనియర్ ప్రోగ్రెస్ ఇండికేటర్ అనే బార్‌ను, దాని వెనక ఓకేహెచ్‌టీటీపీ అనే నెట్‌వర్క్ లైబ్రరీతో నడిచే అప్‌లోడ్లను ఏళ్లుగా వాడుతున్నాను. డౌన్‌లోడ్‌లో బుద్ధిగా నడిచే బార్ అప్‌లోడ్‌లో చకచకా 100కి చేరి అక్కడే కూర్చుండిపోతుంది.

రంగు, మందం, మూలల గుండ్రం లాంటి వాటి జోలికి పోను. మొదట మనసు దోచుకున్నది సెట్‌ప్రోగ్రెస్‌కంపాట్ ఫంక్షన్. ఫైలు సైజు తెలిసేదాకా బార్‌లో గీత ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పరుగెడుతూ ఉంటుంది. సైజు తెలిశాక ఈ ఫంక్షన్‌కు అంకె, దాని పక్కన ట్రూ ఇస్తే, ఆ పరుగు ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆగి మెత్తగా శాతంలోకి మారుతుంది. గెంతడం, మినుకుమనడం ఉండవు. ఇంత చిన్న పనికి అంతకుముందు ఎంత కోడ్ రాయాల్సి వచ్చేదో తెలిసినవాళ్లకే దీని విలువ అర్థమవుతుంది.

ఇక అప్‌లోడ్. ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కించడానికి అందరూ చేసేది ఒకటే: పంపాల్సిన డేటాను పట్టుకునే రిక్వెస్ట్‌బాడీకి ఒక తొడుగు వేసి, దాన్ని బయటికి రాసే రైట్‌టూ ఫంక్షన్ లోపల సింక్‌లోకి (బైట్లు వెళ్లే గొట్టంలోకి) పోసే బైట్లను కూడుతూ పోవడం. ఆ కోడ్‌లో తప్పేమీ ఉండదు, కానీ అది కొలిచేది ఫోన్ నుంచి బయటికి వెళ్లినదాన్ని కాదు. పంపే ముందు ఆపరేటింగ్ సిస్టమ్ డేటాను దాచుకునే సాకెట్ బఫర్‌లో బైట్లు పడగానే రైట్ పూర్తయినట్టే లెక్క. ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసి, అందిందని చెప్పినట్టన్నమాట. కుదించిన ఫోటో ఏ రెండు మూడు వందల కేబీలో ఉంటే మొత్తం బఫర్‌లోనే పట్టేయవచ్చు. అప్పుడు నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా బార్ ఒక్క ఊపులో చివరికి వెళ్తుంది. పెద్ద వీడియో అయితే బఫర్ నిండేదాకా పరుగు, ఆ తర్వాత నడక. హెచ్‌టీటీపీ 2లో సర్వర్ విండో, అంటే ఒక విడతకు ఇంత పంపొచ్చనే హద్దు, తెరిచినంత మేరకే పంపాలి కాబట్టి (మార్చకపోతే మొదటి విండో 65,535 బైట్లు) ఈ పరుగుకు కొంత కళ్లెం పడుతుంది. కానీ ఆ విండో తెరిచేది చాలాసార్లు ప్రాక్సీ, అంటే అసలు సర్వర్‌కు ముందు మధ్యలో నిలబడే సర్వర్. అలాంటి ఎన్‌జిన్‌ఎక్స్, సెట్టింగులు మార్చకపోతే, పంపిన డేటా మొత్తం తన దగ్గరికి చేరాకే వెనకున్న సర్వర్‌కు పంపుతుంది. ఆ పైన సర్వర్ ఫైలును తనిఖీ చేయాలి, థంబ్‌నెయిల్ తీయాలి, డేటాబేస్‌లో రాయాలి, అప్పుడు జవాబివ్వాలి. ఇంత పని జరుగుతున్నంతసేపూ తెర మీద ఉండేది నిండిన బార్, 100 అనే అంకె.

100 చూసిన మనిషి పని అయిపోయిందనుకుని వెనక్కి నొక్కుతాడు. అప్‌లోడ్ ఆ తెర ఉన్నంతసేపే బతికే వ్యూమోడల్ స్కోప్‌లో నడుస్తుంటే అక్కడితో రద్దవుతుంది. ఫైలు సర్వర్‌కు చేరిపోయినా యాప్‌కు ఆ సంగతి తెలియదు. మళ్లీ పంపితే సర్వర్‌లో ఒకే ఫోటోకు రెండు రికార్డులు. బార్ దోషానికి మందు బార్‌లో లేదని ఇక్కడే తెలుస్తుంది. అప్‌లోడ్‌ను, తెర మూసినా పని నడిపించే వర్క్‌మేనేజర్‌కు అప్పగించాలి. ప్రతి సమర్పణకూ ఒక ప్రత్యేక ఐడీ ముందే తయారుచేసి, మళ్లీ ప్రయత్నించినప్పుడూ అదే ఐడీ పంపాలి. సర్వర్ అది చూసి రెండో రికార్డు రాయకుండా పాత జవాబే తిరిగి ఇవ్వాలి.

బార్ వరకు నేను చేసేది: బైట్ల లెక్కకు 90 దాకానే చోటు. అది దాటాక అంకె తీసేసి "సర్వర్ సరిచూస్తోంది" అని మాట మార్చి, పరుగెత్తే గీత పెడతాను. ఇక్కడ లైబ్రరీ ఎదురుతిరిగింది. పరుగు నుంచి శాతానికి అంత అందంగా మారే బార్, శాతం నుంచి పరుగుకు తెర మీద ఉండగా మారనంది. నేను వాడిన వెర్షన్‌లో ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్‌తో యాప్ కూలింది. దాచి, మార్చి, మళ్లీ చూపే తంటా కంటే ఒకే చోట రెండు బార్లు పెట్టి ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని చూపడం తేలిక. పైన మెచ్చుకున్న మెత్తదనానికీ ఒక మెలిక ఉంది. పని అవగానే తెర మూసేస్తే యానిమేషన్ వెనకబడి బార్ ఇంకా ముప్పావు దగ్గరే కనిపిస్తుంది. చివరి అంకెకు మాత్రం ట్రూ బదులు ఫాల్స్ ఇవ్వండి.

100కి వెళ్లిన బార్ మళ్లీ సున్నాకు వచ్చి ఇంకోసారి నిండితే నెట్‌వర్క్‌ను అనుమానించకండి. వెళ్లే రిక్వెస్టులను నమోదు చేసే లాగింగ్ ఇంటర్‌సెప్టర్‌ను డేటా కూడా రాసే బాడీ స్థాయిలో పెడితే అది లాగ్ రాయడానికి రైట్‌టూను ఒకసారి పిలుస్తుంది, అసలు పంపేటప్పుడు ఇంకోసారి. పరీక్షల కోసం తయారుచేసే డీబగ్ బిల్డ్‌లోనే ఇలా అవుతుంటే కారణం దాదాపుగా అదే.

డౌన్‌లోడ్‌లో బుద్ధిగా ఉంటుందన్నాను గానీ, జిప్ ఫైళ్లు, ఫోటోలు, వీడియోల వరకే ఆ మాట. పెద్ద జేసన్ (అక్షరాల రూపంలోని డేటా) దించేటప్పుడు ఓకేహెచ్‌టీటీపీ తానే జీజిప్‌తో కుదించి పంపమని అడుగుతుంది, తానే విప్పుతుంది, విప్పాక సైజు చెప్పే కంటెంట్ లెంగ్త్ హెడర్ తీసేస్తుంది. కంటెంట్‌లెంగ్త్ అడిగితే, సైజు తెలియదనడానికి గుర్తుగా, మైనస్ 1 వస్తుంది. దాంతో భాగిస్తే శాతం రుణ సంఖ్యలోకి పోయి బార్ సున్నా దగ్గర బిగుసుకుంటుంది. యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్ హెడర్‌లో ఐడెంటిటీ (కుదించకుండా పంపు) అని మనమే పెడితే, సర్వర్ ముక్కలుగా పంపే రకం కాకపోతే, సైజు తెలుస్తుంది. కానీ అందుకు డేటా ఎక్కువ ఖర్చవుతుంది. బార్ అందం కోసం వాడేవాళ్ల డేటా తినడం నాకు నచ్చదు. "ఇప్పటికి 3 ఎంబీ వచ్చింది" అని చూపి శాతం వదిలేస్తాను.

లెక్కను తెరకు ఎంత తరచుగా పంపాలన్నదీ చూసుకోవాలి. ఓకేహెచ్‌టీటీపీ వాడే ఓకియో లైబ్రరీలో డేటా ముక్క, అంటే సెగ్మెంట్, 8 కేబీ. ఒక్కో సెగ్మెంట్‌కు ఒక కబురు పంపితే 20 ఎంబీ ఫైలుకు 2,560 కబుర్లు. పూర్ణాంక శాతం మారినప్పుడే పంపితే 101కి మించవు. నోటిఫికేషన్‌లోని బార్‌కు ఇది మరీ ముఖ్యం. అప్‌డేట్లు మరీ వేగంగా వస్తే సిస్టమ్ కొన్నింటిని వదిలేస్తుంది. వాటిలో "పూర్తయింది" అనే చివరి కబురు కూడా పోతే, ఎప్పుడో అయిపోయిన పని 97 దగ్గరే వేలాడుతుంది. ఆ చివరి కబురుకు ముందు ఒక సెకను ఆగితే ఈ బాధ తప్పుతుంది.

క్షణంలో అయ్యే పనులకు బార్ మెరిసి మాయమవడం కూడా చికాకే. షోడిలే (చూపే ముందు ఎంత ఆగాలి), మిన్‌హైడ్‌డిలే (చూపాక కనీసం ఎంతసేపు ఉంచాలి) అనే రెండు సెట్టింగులు అందుకే ఉన్నాయి. రెండో దానికి సెకను పైన ఎంత ఇచ్చినా సెకనుగానే తీసుకుంటుంది. నేను రెండింటికీ 500 మిల్లీసెకన్లు ఇస్తాను. తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేవాళ్ల కోసం, మారగానే చదవమనే లైవ్ రీజియన్ సెట్టింగును దశ మారినప్పుడు వచ్చే మాటకే పెట్టండి. శాతం అంకెకు పెడితే అది చదవడం ఆపదు.

ఇదంతా నెమ్మది నెట్‌లో ఫారాలతో పాటు ఫోటోలు పంపే యాప్‌ల నుంచి వచ్చిన అభిప్రాయం. డౌన్‌లోడ్లే ఎక్కువగా ఉండే యాప్ అయితే ఈ బార్‌ను పెద్ద ఆలోచన లేకుండా వాడొచ్చు. సర్వర్ మీ చేతిలో ఉంటే, తెగిన అప్‌లోడ్‌ను కొనసాగించే టస్ లాంటి పద్ధతిలో ముక్కలుగా పంపి, ప్రతి ముక్కకూ సర్వర్ తిరిగి చెప్పే అప్‌లోడ్ ఆఫ్‌సెట్‌ను (ఇప్పటికి ఎన్ని బైట్లు అందాయో ఆ లెక్కను) బట్టి బార్ నడపండి. అప్పుడు 60 అంటే అవతల నిజంగా 60 అందినట్టే, తెగిపోతే అక్కడి నుంచే కొనసాగించవచ్చు. కాకపోతే ముక్క మరీ చిన్నదైతే ప్రతి జవాబు కోసం ఆగడానికే సమయం పోతుంది, మరీ పెద్దదైతే బార్ గెంతులు వేస్తుంది. నా ఫోటోలకు 256 కేబీ ముక్కలు సరిపోయాయి, పెద్ద వీడియోలు పంపేవాళ్లకు అది చిన్నదే అవుతుంది.