కార్బన్ లింబ్స్, సన్న బాణాలు: చాలాకాలం వాడాక నా మాట

విల్లుకు ఖరీదైన లింబ్స్ (పిడికి పైనా కిందా వంగే రెండు బద్దలు) వేసుకున్నవాడు బాణం వేగంతో గెలుస్తాడనీ, అది అన్యాయమనీ బెంగళూరులో మా విలువిద్య రేంజ్‌లో తరచూ వినపడే మాట. తెలుగువాళ్లం నలుగురం చేరితే టీ చల్లారేదాకా ఇదే వాదన. కలప కోర్ ఫైబర్‌గ్లాస్ లింబ్స్‌తో మొదలుపెట్టి, కొరియాలో తయారైన కార్బన్ ఫోమ్ లింబ్స్‌కు మారి నాకు మూడో ఏడు నడుస్తోంది. ఈస్టన్ కంపెనీ ఎక్స్10 అనే సన్న బాణాలు బాగా తర్వాత కొన్నాను. రెండూ ఒకేసారి రాలేదు కాబట్టి దేనివల్ల ఏం మారిందో విడివిడిగా తెలిసింది.

ముందు వేగం సంగతి. తీగ పూర్తిగా లాగినప్పుడు వేళ్ల మీద పడే బరువు (పౌండేజీ అంటాం) రెండు జతలకూ 38 పౌండ్లే, బాణాలూ అవే. బాణం వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో చూస్తే పాత లింబ్స్ సెకనుకు 175 అడుగులు, కొత్తవి 184. 70 మీటర్లకు గురి చూసుకునే సైట్ పిన్ దాదాపు ఒక సెంటీమీటరు పైకి వచ్చింది. తక్కువ పౌండేజీతో వేసేవాళ్లకు ఆ సెంటీమీటరు ఎంత విలువైనదో తెలుసు. పిన్ మరీ కిందికి దిగితే బాణం ఈకలు సైట్‌కు తగులుతాయి, సైట్ బార్‌ను లోపలికి జరుపుకుని ఎలాగో సర్దుకోవాలి. ఆ బాధ తప్పింది.

గ్రూపింగ్, అంటే బాణాలు ఒకదానికొకటి దగ్గరగా పడటం, మాత్రం వేగం వల్ల బిగియలేదు. ఎందుకో ఆలోచిస్తే సమాధానం సులువే. అమెరికాలో జంతువుల బొమ్మల మీద బాణాలు వేసే కొన్ని త్రీడీ పోటీల్లో బాణం వేగానికి పరిమితి పెట్టి క్రోనోగ్రాఫ్‌తో తనిఖీ చేస్తారు. అక్కడ దూరం కంటితో అంచనా వేసుకోవాలి. బాణం వేగంగా, చదునుగా వెళ్తే రెండు మూడు గజాలు తప్పు లెక్కేసినా గట్టెక్కవచ్చు. మన టార్గెట్ ఆర్చరీలో దూరం అందరికీ తెలిసిందే, పిన్ ఒకసారి కుదిరితే కుదిరినట్టే. కాబట్టి ఇక్కడ వేగం ఒక్కటే నడిమి రింగు పది పాయింట్లు తెచ్చిపెట్టదు.

లింబ్స్ ఇచ్చిన అసలు మేలు క్లిక్కర్ దగ్గర కనిపించింది. బాణాన్ని పూర్తిగా లాగామని టక్‌మని చెప్పే చిన్న రేకు అది. పాతవాటితో ఆఖరి సెంటీమీటరు లాగేటప్పుడు బరువు ఒక్కసారిగా పెరిగేది. బాణం మొన క్లిక్కర్ రేకు అంచున ఆగిపోయేది, భుజం లేచేది, ఎడమచేయి సన్నగా వణికేది. కొత్తవాటితో ఆ ఆఖరి లాగుడు కూడా మొదటిదంత మెత్తగా ఉంటుంది. మొన జారుతుంది, టక్‌మని వినపడుతుంది, వేళ్లు వదులుతాయి. మ్యాచ్‌లో ఒక్కో బాణానికి ఇచ్చేది 20 సెకన్లే. దించి మళ్లీ ఎక్కుపెట్టే పని ఎంత తగ్గితే అంత మంచిది.

ఇక గాలి. జూన్, జూలైల్లో మధ్యాహ్నం దాటితే మా రేంజ్‌లో టార్గెట్ మీది చిన్న జెండా అడ్డంగా సాగిపోతుంది. లింబ్స్ మార్చాక కూడా పాత లావు బాణాలు ఎర్ర రింగుల్లోకే (ఏడు, ఎనిమిది పాయింట్లవి) కొట్టుకుపోయాయి. ఎక్స్10 వేశాక అదే గాలికి చాలావరకు తొమ్మిదిలో నిలిచాయి. బాణం గాలిలో ఎంతసేపు ఉందన్నది ఇందులో చిన్న సంగతి. వేగం పెరగడం వల్ల నాకు కలిసొచ్చిన కాలం సెకనులో పదోవంతు కూడా లేదు. దారిలో బాణం ఎంత వేగం పోగొట్టుకుంటుందో దాన్నిబట్టి పక్కకు జరుగుతుంది. సన్నగా, పొడవుకు తగ్గ బరువుతో ఉన్నది తక్కువ పోగొట్టుకుంటుంది. నిబంధన ప్రకారం షాఫ్ట్ (బాణపు కాడ) లావు 9.3 మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చు. ఎక్స్10 అందులో సగానికి దగ్గర. లోపల అల్యూమినియం గొట్టం, పైన కార్బన్, మధ్యలో కాస్త లావై రెండు కొసలా సన్నబడుతుంది. ధరే గుండె గుభేల్మనిపిస్తుంది: మొనలు, తీగకు తగిలించే నాక్‌లతో కలిపి డజను నా చేతికి వచ్చేసరికి 45 వేలు దాటింది.

న్యాయం మాటకొస్తే, నిబంధనలు వేగాన్ని బాగానే పట్టించుకున్నాయి. కప్పీలు ఉండే కాంపౌండ్ విల్లుకు 60 పౌండ్ల హద్దు ఉంది, వాళ్లు వేసేది 50 మీటర్ల నుంచి, విభాగమే వేరు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ వాళ్లతో పోటీపడే. నేను వేసే రికర్వ్ (కప్పీలు లేకుండా కొసలు ముందుకు వంగిన విల్లు)కు పౌండేజీ హద్దు లేదు, అయినా 18 ఏళ్లలోపు పిల్లలకు అంతర్జాతీయంగా దూరం 70 కాదు, 60 మీటర్లే. లేత భుజాలకు అది సరైన లెక్క అని గట్టిగా నమ్ముతాను.

నాకు కడుపుమండేది స్థానికంగా జరిగే తంతు. ఇక్కడే ఒక ఓపెన్ మీట్‌లో ఎంట్రీలు తక్కువ వచ్చాయని వెదురు విల్లు పిల్లల్నీ రికర్వ్ వాళ్లనీ ఒకే పట్టికలో వేశారు. జాతీయ పోటీల్లో వెదురు విల్లులకు ఇండియన్ రౌండ్ విడిగా ఉన్నప్పుడు ఇక్కడ కలపడమేమిటి? ఆ పిల్లలు ఫీజు కట్టి, ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చారు. విభాగాలు కలపడం వల్ల జరిగే అన్యాయం ముందు లింబ్స్ తేడా ఏపాటిది?

కొనాలనుకుంటే నా వరస ఇది. ముందు మీ పౌండేజీకి స్పైన్ (బాణం బిగువు) సరిపోయిన సన్న కార్బన్ బాణాలు, ఎక్స్10 కానక్కర్లేదు, మధ్యరకానివి చాలు. లింబ్స్ ఆ తర్వాతే. ఎదిగే పిల్లలకైతే ఖరీదైన లింబ్స్ అసలు వద్దు, పౌండేజీ ఏటా మారుతుంది. మా రేంజ్‌లో చిన్నబడిన జతలు తర్వాతి పిల్లలకు ఇచ్చేస్తాం. మా అక్క కూతురు ఇప్పుడు వేస్తున్న 26 పౌండ్ల జత అలా చేతులు మారి వచ్చిందే, ఇంకా మెలి తిరగలేదు.