చలిలో పుట్టిన కుందేలు పిల్లలు: తల్లి దగ్గర ఉంచాలా, ఇంట్లోకి తేవాలా, బల్బు పెట్టాలా?

పెద్ద కుందేలుకు చలి అంత సమస్య కాదు. కడుపునిండా మేత ఉండి, తడి, ఈదురుగాలి తగలకపోతే సున్నా డిగ్రీల్లో కూడా బాగానే ఉంటుంది. దాన్ని నిజంగా దెబ్బతీసేది ఎండ. పిల్లల సంగతి పూర్తిగా వేరు. ఒంటిమీద బొచ్చు లేకుండా, కళ్లూ చెవులూ మూసుకుని పుడతాయి. వణికి వేడి పుట్టించుకోవడం కూడా వాటికి మొదటి రోజుల్లో రాదు. మెడ, భుజాల దగ్గర గోధుమ రంగు కొవ్వు కొద్దిగా ఉంటుంది. దాన్ని ఖర్చు చేసుకుంటూ, ఒకదానిమీద ఒకటి పడుకుని వెచ్చగా ఉంటాయి. ఆ కొవ్వు అయిపోయేలోపు పొట్టలోకి పాలు చేరాలి. చల్లబడిపోయిన పిల్లకేమో పాలు తాగే ఓపిక ఉండదు. చలికాలపు ఈతలో పిల్లలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

కుందేళ్లు పెంచేవాళ్లు దీనికి మూడు దారులు పట్టుకుంటారు. తల్లి ఈనడానికి పెట్టిన గూటి పెట్టెను కేజ్‌లో దాని దగ్గరే ఉంచడం, పెట్టెతో సహా పిల్లల్ని ఇంట్లోకి తెచ్చి పాలకు మాత్రం తల్లి దగ్గరకు తీసుకెళ్లడం, షెడ్‌లోనే బల్బు గానీ హీటింగ్ ప్యాడ్ గానీ పెట్టడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మామూలు చలికి మొదటిది, గడ్డకట్టే చలికి రెండోది. మూడోది వేరే దారి లేనప్పుడే.

తల్లి దగ్గరే ఉంచడంలో మెచ్చుకోవాల్సింది గూడు. ఈనే ముందు తల్లి తన పొట్ట మీది, గంగడోలు మీది బొచ్చు పీకి పరుస్తుంది. కింద గడ్డి సరిగా ఉండి, పైన ఆ బొచ్చు దట్టంగా కప్పితే, బయట ఎంత చల్లగా ఉన్నా లోపల 30 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడి పిల్లలదే, గూడు దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందుకే ఈతకు ఒకటి రెండు పిల్లలే పుడితే వాటికి ప్రమాదం ఎక్కువ, ఏడెనిమిది ఉంటే తక్కువ. చలికాలంలో ఎప్పుడూ రెండు మూడు కుందేళ్లను ఒకే రోజు జత కట్టించాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. రెండు మూడు రోజుల తేడాలో పుట్టిన పిల్లల్ని ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి మార్చవచ్చు. ఒంటరి పిల్లకు తోడు దొరుకుతుంది.

ఈ పద్ధతిలో బలహీనత తల్లి చేతుల్లోనే ఉంది. మొదటిసారి ఈనే కుందేలు ఒక్కోసారి పెట్టెలో కాకుండా కేజ్ జాలీ మీద ఈనేస్తుంది. పాలు తాగుతున్న పిల్ల చన్ను వదలకుండా వేలాడుతూ పెట్టె బయటికి వచ్చి పడిపోతుంది. పిల్లి, కుక్క తమ పిల్లల్ని నోట కరుచుకుని వెనక్కి తెచ్చుకుంటాయి. కుందేలు అలా తేదు. ఆ పిల్ల పడినచోటే చల్లబడిపోతుంది. రాత్రి గడ్డకట్టే చలి ఉంటే తెల్లారి మీరు వెళ్లేసరికే ఆలస్యం అయిపోతుంది.

ఇంట్లోకి తేవడమంటే చాలామంది భయపడతారు, తల్లిని పిల్లల్ని విడదీయడం పాపమేమో అని. కుందేలు విషయంలో ఆ బెంగ అక్కర్లేదు. అది రోజుకు ఒక్కసారి, ఎప్పుడైనా రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిస్తుంది. మిగతా రోజంతా గూటి జోలికే పోదు. యూరప్‌లో బొరియల్లో ఉండే అడవి కుందేలయితే బొరియ నోరు మట్టితో మూసేసి మరీ వెళ్లిపోతుంది. మనిషి చేతి వాసన తగిలితే పిల్లల్ని వదిలేస్తుందన్నది కూడా, మీకు మచ్చికైన కుందేలు విషయంలో నిజం కాదు.

కాబట్టి ఈనగానే పిల్లల్ని లెక్కచూసి, చనిపోయినవి, మాయ ముక్కలు తీసేసి, పెట్టెను 15–20 డిగ్రీలుండే గదిలో పెట్టండి. పొయ్యి పక్కన, హీటర్ ఎదురుగా వద్దు. రోజూ ఒకే వేళకు పెట్టె తల్లి ముందు పెట్టండి, తెల్లవారుజామున అయితే మంచిది. అది దూకి, పాలిచ్చి, దిగిపోతుంది. తర్వాత పొట్టలు చూడండి. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా, పలచని చర్మం కింద తెల్లగా కనిపిస్తుంది. ముడతలు పడిన చర్మం ఉంటే అది ఆకలితో ఉన్నట్టే.

ఈ పద్ధతికి మూల్యం మీ సమయం. ఒక్క రోజు మరిచిపోతే పిల్లలకు 48 గంటలు పాలు ఉండవు. కొన్ని తల్లులు మనిషి చూస్తుంటే పెట్టెలోకి దిగవు, దూరంగా జరిగి పావుగంట వదిలేయాలి. ఇంట్లో పిల్లి, ఎలుకల భయం ఉంటే పెట్టె మీద జాలీ మూత తప్పనిసరి. అయినా గడ్డకట్టే చలిలో దీన్ని మించింది నాకు కనిపించలేదు. వారం రోజులకు ఒళ్లంతా సన్నని బొచ్చు వస్తుంది, పది రోజులకు కళ్లు తెరుస్తాయి. అప్పుడు చలి తగ్గిన రోజు చూసి పెట్టెను కేజ్‌లోకి మార్చేయవచ్చు.

ఇక బల్బు. చూడ్డానికి ఇదే తేలిక, స్విచ్ వేస్తే సరిపోతుంది. కానీ ఎండు గడ్డి, బొచ్చు, దుమ్ము, కరెంటు వైరు నమలడం అలవాటున్న జంతువు, ఇవన్నీ ఒకేచోట ఉంటే నిప్పు అంటుకునే అవకాశం ఎంతో ఆలోచించండి. వేడి ఎక్కువైనా పిల్లలకు ప్రమాదమే. ఎర్రబడి, చెమ్మగా, విడివిడిగా పడి మూలుగుతుంటే ఉడికిపోతున్నాయని అర్థం. కరెంటు పోతే ఆ రాత్రికి అంతే. తప్పదనుకుంటే ప్యాడ్ కొంత నయం, అదీ జంతువుల కోసం చేసినది, వైరుకు ఇనుప తొడుగు ఉన్నది. పెట్టె కింద సగానికే పెట్టాలి, వేడి ఎక్కువైతే పిల్లలు రెండో సగానికి జరిగే చోటుండాలి.

పెట్టె విషయంలో చలికాలానికి నా ఓటు చెక్కకే. రేకు పెట్టె కడగడానికి సులువే, కానీ వేడిని లాగేస్తుంది, లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. ఉన్నది రేకుదే అయితే అడుగున, పక్కలకు మందపాటి అట్ట వేయండి. చెక్కది మూత్రం పీల్చుకుంటుంది కాబట్టి ప్రతి ఈత తర్వాత కడిగి, ఎండబెట్టాలి. పెట్టె మరీ పెద్దదైతే పిల్లలు చెల్లాచెదురవుతాయి. తల్లి వెనక్కి తిరగగలిగితే చాలు. అడుగున రెండు అంగుళాల చిత్రిక పొట్టు, దానిమీద పెట్టె నిండా గడ్డి కూరి, మధ్యలో పిడికిలితో గుంట చేయండి. దూది, దారాలు, గుడ్డ పీలికలు వద్దు, పిల్లల కాళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. జత కట్టించిన 28వ రోజున పెట్టె పెట్టాలి, 31వ రోజు అటూ ఇటూగా ఈనుతుంది. ముందే పెడితే దాన్ని మరుగుదొడ్డి చేసేస్తుంది. బొచ్చు ఎక్కువ పీకే కుందేలు ఉంటే మిగిలింది శుభ్రంగా దాచండి. పీకని తల్లి గూటికి అదే దిక్కు.

చలని షెడ్‌ను నాలుగువైపులా బిగించేయకండి. అమోనియా ఘాటు పేరుకుంటే తల్లికి ముక్కు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. కుందేలు ఎత్తులో గాలి కొట్టకుండా పరదా కట్టి, పైకప్పు దగ్గర గాలి పోయే సందు వదలండి. నీళ్లు గడ్డకట్టాయేమో రోజుకు రెండు మూడుసార్లు చూడండి. నీళ్లు లేని తల్లి మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి.

ఏ పద్ధతిలోనైనా చల్లగా, కదలకుండా ఉన్న పిల్ల దొరికితే చనిపోయిందనుకుని పారేయకండి. ఒంటికి హత్తుకుని చొక్కా లోపల పెట్టుకోండి, లేదా తల బయట ఉంచి 38–40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ముంచి పట్టుకోండి. అరగంట, గంట పట్టవచ్చు. కదలిక వచ్చాక పూర్తిగా తుడిచి ఆరబెట్టి, మిగతా పిల్లల మధ్యలో దూర్చండి. వెచ్చబడక ముందు మాత్రం నోట్లో పాలు పోయకండి. మింగలేదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లంతా వెచ్చబడ్డాక కూడా కదలకపోతేనే ఆశ వదులుకోండి.